టాటానగర్ నుంచి డోంబారి బురు దాకా

1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చి అనే ఊరికి వచ్చి, దానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టి వెళ్లాడు. పక్కనున్న కాళీమాటి రైల్వేస్టేషన్ టాటానగర్ అయింది. టాటా కంపెనీ రైలుపట్టాలు ఇచ్చి ఉండకపోతే యుద్ధంలో తమ పరిస్థితి ఏమయ్యేదో ఊహించలేనని ఆయన ఆ రోజు అన్నాడు. ఆ పట్టాలు మెసపొటేమియాకే కాక ఈజిప్టుకు, పాలస్తీనాకు, తూర్పు ఆఫ్రికాకు కూడా వెళ్లాయని చెప్పాడు. నగర చరిత్ర చెప్పేవాళ్లు ఈ మాటలను గర్వంగా తలుచుకుంటారు. వరసలో చివరనున్న తూర్పు ఆఫ్రికా దగ్గర ఆగేవాళ్లు మాత్రం తక్కువ.

ఆగాల్సింది అక్కడే. తూర్పు ఆఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లు యుద్ధం చేసింది జర్మన్లతో. ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం, రువాండా, బురుండి అప్పట్లో జర్మన్ తూర్పు ఆఫ్రికా. 1914 నవంబరులో టాంగా రేవులో దిగి, ఓడిపోయి మళ్లీ ఓడలెక్కిన దళం భారతదేశం నుంచి వెళ్లిందే. ఆ తర్వాత నాలుగేళ్లు సాగిన పోరులో మూటలు మోసిన ఆఫ్రికన్ కూలీలు రోగాలతో, ఆకలితో బ్రిటిష్ వైపే లక్షకు దగ్గరగా చనిపోయారని అంచనా. ఆ పోరు జరిగిన నేలమీద అంతకుముందు తరం జర్మన్లతో పోరాడి ఓడిన తరం. ఇక్కడ ఆ పట్టాలు తయారైన నేల సంగతీ అంతే. ఫ్యాక్టరీ పొగగొట్టం లేవడానికి ఎనిమిదేళ్ల ముందు, ఈ కొండలకు అవతల ముండాలు విల్లంబులతో ఒక సామ్రాజ్యాన్ని ఎదిరించారు. జంషెడ్‌పూర్ నుంచి చైబాసా, చక్రధర్‌పూర్, ఖుంటీల మీదుగా రాంచీ చేరే దారి ఈ రెండు కథలనూ పక్కపక్కనే పెట్టి చూపిస్తుంది.

దారి పట్టేముందు నగరం చూడాలి. బిష్టుపూర్‌లో తెలుగువాళ్లు కట్టుకున్న రామమందిరం ఉంది. ఫ్యాక్టరీ పనికి, రైలు పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తరలివచ్చిన కుటుంబాల నాలుగో తరం ఇక్కడ హిందీ, బెంగాలీల మధ్య తెలుగును నిలుపుకుంది. ఉత్తరాంధ్ర యాస ఈ ఊళ్లో చెవిన పడితే కాసేపు పరాయి చోటన్న సంగతి మరుపున పడుతుంది. ఈ కుటుంబాలు వచ్చిన జిల్లాలకూ మన్యం ఉంది, ఆ మన్యానికీ తిరుగుబాట్లున్నాయి. 1879లో రంపలో చిగురు పన్ను మీద లేచిన పోరు, కారం తమ్మన్నదొర పేరు, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడి, ఇవన్నీ తెలుగు పాఠకుడికి బడిలోనే పరిచయం. జార్ఖండ్ చరిత్ర చదవడానికి అంతకంటే మంచి తాళంచెవి లేదు.

నగరానికి ఉత్తరాన దల్మా కొండలు. వాటికింద సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోటు దోముహాని. సోనారీ, బెల్డీ, కాసీడీ, జుగ్సలాయి ఇప్పుడు పేటల పేర్లు. అంతకుముందు అవి ఊళ్లు. ఈ ధాల్‌భూమ్‌లోకి ఈస్టిండియా కంపెనీ సైన్యం 1767లోనే ఫెర్గూసన్ నాయకత్వంలో అడుగుపెట్టింది. ఘాట్‌శిలా రాజు జగన్నాథ్ ధల్ ఏళ్లతరబడి వాళ్లను నిలువనివ్వలేదు. 1832లో ఈ కొండల చుట్టూ భూమిజ తెగవాళ్లు కంపెనీ మీద తిరగబడి గంగా నారాయణ్ సింగ్ వెంట నడిచారు. 1833 ఫిబ్రవరిలో ఖర్సావాన్ దగ్గర జరిగిన పోరులో ఆయన చనిపోయాడు. ఖర్సావాన్ ఠాకూర్ ఆయన తల కోయించి కెప్టెన్ విల్కిన్సన్‌కు పంపాడు. ఆ తల సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇదే కథ మరోచోట మళ్లీ జరుగుతుంది.

జంషెడ్‌పూర్ దాటగానే మట్టి ఎర్రబడుతుంది. రోడ్డుకు రెండువైపులా సాల చెట్లు, మధ్యలో వరి మళ్లు, వారపు సంతల్లో కుండల్లో హండియా అనే బియ్యపు కల్లు అమ్మే ఆడవాళ్లు. అరవై కిలోమీటర్ల పైచిలుకు వెళితే చైబాసా వస్తుంది. పశ్చిమ సింహభూమ్ జిల్లా కేంద్రమిది, హో తెగవాళ్ల గుండెకాయ లాంటి ఊరు. 1820లో మేజర్ రఫ్‌సెడ్జ్ ఇక్కడికి ఫిరంగులతో వచ్చినప్పుడు హోలు బాణాలతో ఎదురునిలిచారు. ఓడినా లొంగలేదు. 1831-32లో ఛోటానాగ్‌పూర్ అంతా కోల్ తిరుగుబాటుతో మండినప్పుడు మళ్లీ లేచారు. 1837 నవంబరులో చైబాసాకు దక్షిణాన సెరెంగ్‌సియా ఘాటీలో పోటో హో మనుషులు కంపెనీ దళం మీద బాణాల వాన కురిపించారు. 1838 జనవరి 1న జగన్నాథ్‌పూర్‌లో పోటో హోను ఉరితీశారు. అంత చేశాక కూడా కంపెనీ ఈ హోల సీమను, కొల్హాన్‌ను, మామూలు చట్టాలతో ఏలలేకపోయింది. గ్రామపెద్ద ముండాకూ, ఊళ్ల కూటమి పెద్ద మాన్కీకీ ఉన్న అధికారాన్ని గుర్తిస్తూ విల్కిన్సన్ ప్రత్యేక నియమాలు రాయాల్సి వచ్చింది. మాన్కీ-ముండా వ్యవస్థ నేటికీ ఇక్కడ బతికే ఉంది.

ఈ చైబాసాలోనే జర్మన్లు కథలోకి వస్తారు.

బెర్లిన్ నుంచి యోహానెస్ గోస్నర్ పంపిన నలుగురు లూథరన్ మిషనరీలు 1845 నవంబరులో రాంచీ చేరారు. తర్వాతి నలభై ఏళ్లలో ఛోటానాగ్‌పూర్ అడవుల్లో చర్చీలు, బడులు వెలిశాయి. జమీందార్లు, ఠేకేదార్లు భూములు లాక్కుంటుంటే, కోర్టులో తమ తరఫున మాట్లాడే తెల్లదొర దొరుకుతాడన్న ఆశతో వేలమంది ముండాలు, ఒరావులు ఆ చర్చీల్లో చేరారు. తర్వాత ముండాల పోరుకు నాయకుడైన బీర్సా ముండా కుటుంబం అలా చేరినవాటిలో ఒకటి. 1875 నవంబరు 15న పుట్టిన ఆ పిల్లవాడు 1886 నుంచి 1890 దాకా చైబాసాలోని జర్మన్ మిషన్ బడిలో చదివాడు.

నవంబరు 15కు మరో చరిత్ర కూడా ఉంది. 1884లో సరిగ్గా ఆ తేదీనే బెర్లిన్‌లో బిస్మార్క్ ఆధ్వర్యంలో యూరప్ దేశాల సమావేశం మొదలైంది. ఆఫ్రికాను పంచుకునే నియమాలు అక్కడ రాసుకున్నారు. ఆఫ్రికా నుంచి ఒక్కరినీ పిలవలేదు. ఆనాడు బీర్సాకు తొమ్మిదేళ్లు నిండాయి. సమావేశం ముగిసిన మర్నాడు, 1885 ఫిబ్రవరి 27న, కార్ల్ పీటర్స్ అనే సాహసికుడు స్థానిక పెద్దలతో గుర్తులు పెట్టించుకొచ్చిన కాగితాలకు జర్మన్ చక్రవర్తి రక్షణ పత్రం ఇచ్చాడు. తూర్పు ఆఫ్రికాలో జర్మనీ పాలనకు పునాది ఆ కాగితాలే. అర్థంకాని భాషలో రాసిన పత్రాల మీద భూమి చేతులు మారడమన్నది ముండాలకు కొత్తగా చెప్పనక్కర్లేని అన్యాయం. జమీందారు పేరిట పుట్టుకొచ్చిన పట్టాలు వాళ్ల ఖుంట్‌కట్టీ హక్కును అలాగే మింగాయి. అడవి కొట్టి పొలం చేసిన వంశానిదే ఆ భూమి అన్నది ఖుంట్‌కట్టీ. తాతముత్తాతల సమాధి రాళ్లు, ససన్‌దిరీలే, దానికి సాక్ష్యం. కోర్టులు రాళ్ల సాక్ష్యం వినవు.

చైబాసా బడిలో బీర్సా ఆ నాలుగేళ్లకు మించి నిలవలేదు. భూమి కోసం పోరాడుతున్న ముండా సర్దార్లను మిషనరీలు తప్పుపట్టడం అతను సహించలేదు. దొరలందరి టోపీ ఒకటే, పాలించే దొరదైనా బోధించే దొరదైనా, అని తేల్చేశాడు. కుటుంబమంతా చర్చి విడిచింది. ఆ పిల్లవాడి కోపంలో న్యాయం ఉంది. బడి ఇచ్చిన చదువును, బడి పెట్టిన హద్దును వేరుచేసి చూడగలిగిన బుర్ర అది.

అతను ఇక్కడ పుస్తకం పట్టుకున్న ఆ సంవత్సరాల్లోనే సముద్రానికి అవతల తుపాకులు పేలాయి. 1888లో స్వాహిలీ తీరంలో అబూషిరి నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. 1889 డిసెంబరులో పంగానీలో ఆయన్ను ఉరితీశారు. లోపలి ఎత్తు ప్రాంతాల్లో హెహే జాతి రాజు మ్క్వావా 1891 ఆగస్టు 17న లుగాలో దగ్గర జర్మన్ దళాన్ని మాటువేసి దాదాపు తుడిచిపెట్టాడు. దళపతి జెలెవ్‌స్కీ అక్కడే పడిపోయాడు. 1894లో జర్మన్లు ఫిరంగులతో వచ్చి కలెంగా కోటను కూల్చారు. మ్క్వావా మాత్రం మరో నాలుగేళ్లు అడవుల్లో తిరుగుతూ వాళ్లను నిద్రపోనివ్వలేదు. అతని తలకు 5,000 రూపాయల వెల కట్టారు. మాట తప్పు పడలేదు, అవి రూపాయలే. ఆ తీరపు వ్యాపారం చాలావరకు భారత రూపాయి మీద నడిచేది కాబట్టి జర్మన్లు కూడా అక్కడ రూపాయి నాణేలే కొట్టించారు. బీర్సా తలకు ఇక్కడి ప్రభుత్వం కట్టిన వెల 500 రూపాయలు. 1898 జులైలో చుట్టుముట్టినప్పుడు చిక్కకుండా మ్క్వావా తనను తానే కాల్చుకున్నాడు. తల నరికి జర్మనీకి పంపారు. ఖర్సావాన్ నుంచి విల్కిన్సన్‌కు చేరిన తలకు తర్వాతి గతి ఏమిటో ఎవరూ అడగలేదు. మ్క్వావా పుర్రెను మాత్రం ఆయన జనం మరువలేదు. 1919 వెర్సాయి ఒప్పందం 246వ అధికరణంలో దాన్ని తిరిగివ్వాలని రాయించారు. అది సొంతగడ్డకు చేరేసరికి 1954 అయింది. ఇప్పుడు కలెంగాలోని మ్యూజియంలో ఉంది.

చైబాసా నుంచి చక్రధర్‌పూర్ దగ్గరే. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే తెచ్చిన తెలుగు కుటుంబాలు ఈ రైల్వే పట్టణంలోనూ ఉన్నాయి. ఇక్కడి నుంచి రాంచీ రోడ్డు ఉత్తరానికి తిరిగి టేబో ఘాటీ ఎక్కుతుంది. మలుపు తర్వాత మలుపు, కింద చూస్తే సాల అడవి. ఎండాకాలం మొదట్లో అయితే ఇప్పపూల వాసన బస్సులోకీ వస్తుంది. ఘాట్ ఎక్కాక బందగావ్. చర్చి వదిలాక బీర్సా కొన్నాళ్లు ఇక్కడే ఆనంద్ పాండే అనే వైష్ణవుడి దగ్గర గడిపాడు. జంధ్యం వేసుకున్నాడు, తులసిని పూజించాడు. చివరికి అదీ విడిచి తనదైన దారి పట్టాడు. సింగ్‌బోంగా ఒక్కడే దేవుడు, కల్లు మానాలి, మంత్రగాళ్లను నమ్మకూడదు, వెట్టి చేయకూడదు, పన్ను కట్టకూడదు. మన మన్యంలో వెట్టి అన్నదాన్ని ఇక్కడ బేట్ బేగారీ అంటారు. 1895లో చల్కద్ గ్రామానికి జనం వేలల్లో వచ్చారు. రోగాలు నయం చేస్తాడని కొందరు, దికూలను తరిమేస్తాడని కొందరు. దికూ అంటే ఊరి మీద పడిన బయటివాడు. ఆగస్టులో ప్రభుత్వం అతన్ని పట్టుకుని రెండేళ్లు జైల్లో పెట్టింది.

బయటికొచ్చాక రహస్య సభలు జరిపి, 1899 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురాత్రి, ఉల్గులాన్ అనే తిరుగుబాటు మొదలుపెట్టాడు. రాంచీ, సింహభూమ్ జిల్లాల్లో చర్చీల మీద, మిషన్ బంగ్లాల మీద బాణాలు పడ్డాయి. జనవరి 5న ఏట్కేడీలో బీర్సా అనుచరుడు గయా ముండా ఇంటి దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయారు. గయాను పట్టుకోవడానికి డిప్యూటీ కమిషనరే స్వయంగా వచ్చినప్పుడు ఆయన భార్య మాకీ, ఇంటి ఆడవాళ్లు గొడ్డళ్లు, కర్రలు పట్టుకుని గుమ్మంలో నిలబడి పోరాడారు. జనవరి 7న ఖుంటీ పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. జనవరి 9న సైన్యం సైల్ రకబ్ కొండను చుట్టుముట్టింది.

ఆ చోటును ఇప్పుడు డోంబారి బురు అంటారు. ఖుంటీ జిల్లాలో ఊళ్లు దాటుకుంటూ వెళ్లాలి. కొండ మరీ ఎత్తైనదేమీ కాదు. పైన ఎత్తైన స్మారక స్తంభం, కింద బీర్సా విగ్రహం. ఏటా జనవరి 9న ఇక్కడ మేళా జరుగుతుంది. పైనుంచి చూస్తే చుట్టూ కొండల వరసలు, మధ్యలో చదును నేల. బాణం ఎంతదూరం పోతుందో, రైఫిల్ గుండు ఎంతదూరం పోతుందో ఎవరూ వివరించనక్కర్లేదు. కొండమీద మగవాళ్లతో పాటు ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. చనిపోయినవాళ్లను అధికారులు వేళ్లమీద లెక్కపెట్టి చూపారు. జనం నోట్లో ఉన్నది 400 అనే సంఖ్య. ఆనాటి స్టేట్స్‌మన్ పత్రిక పేరు మీద ప్రచారంలోకి వచ్చిన అంకె అది. గుండ్లు తమమీద నీళ్లయిపోతాయని బీర్సా మనుషుల్లో చాలామంది నమ్మారు.

ఈ నమ్మకం గురించి వెక్కిరింతగా రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. అది అన్యాయం. 1905లో జర్మన్ తూర్పు ఆఫ్రికా దక్షిణాన రైతులు కూడా అచ్చం ఇదే నమ్మారు. గవర్నరు హుకుంతో ఊరూరా పత్తి వేయించారు. 1898 నుంచే గుడిసె పన్ను ఉంది. పత్తి చేలో పనిచేసే రోజుల్లో సొంత చేను పాడుబడేది, చేతికొచ్చే డబ్బు చిల్లర. న్గరాంబేలో కింజికిటిలే అనే ప్రవక్త మంత్రించిన నీళ్లు ఇచ్చాడు. ఆ నీళ్లు చల్లుకున్నవాడికి జర్మన్ గుండు నీరవుతుందన్నాడు. స్వాహిలీలో నీటికి మాజి అంటారు, అందుకే అది మాజి మాజి తిరుగుబాటు అయింది. 1905 జులైలో మతుంబి కొండల్లోని నందేటేలో పత్తి మొక్కలు పీకేయడంతో మొదలైంది. ఆగస్టు 4న మొహోరోలో కింజికిటిలేను ఉరితీశారు, కానీ నీళ్లు అప్పటికే ఊళ్లు దాటిపోయాయి. అంతవరకూ ఒకరితో ఒకరికి పొసగని ఇరవైకి పైగా జాతులు ఒక్కటయ్యాయి. ఇక్కడ క్రిస్మస్ రాత్రి బాణాలు పడ్డట్టే, అక్కడా మిషన్ల మీద దాడులు జరిగాయి. ఆగస్టులో కాసియన్ స్పిస్ అనే బిషప్ చనిపోయాడు. ఆ నెలాఖరున మహెంగే కోటమీదికి వేలమంది ఎదురుగా నడిచివెళ్లి మెషిన్‌గన్‌లకు బలయ్యారు.

నీళ్లు పనిచేయవని తెలిశాక కూడా పోరు 1907 దాకా సాగింది. ఈ ఒక్క విషయం చాలు, వాళ్లు పిచ్చి నమ్మకంతో కాదు, భరించలేని బతుకు వల్ల లేచారని చెప్పడానికి. ఆ నమ్మకం చేసిన పని వేరు. ఒక ఊరివాడు పక్క ఊరివాణ్ణి తనవాడనుకునేలా చేసింది. అమెరికన్ చరిత్రకారుడు మైకేల్ అడాస్ 1979లో వెలువరించిన గ్రంథంలో బీర్సా ఉద్యమాన్నీ మాజి మాజినీ పక్కపక్కన పెట్టి చదివాడు. ఆ పని ఛోటానాగ్‌పూర్‌లో, మన మన్యంలో మనమే చేయాల్సింది.

పోలిక ఉందని రెండింటినీ సమానం చేయకూడదు. జర్మన్లు ఊళ్లు, గాదెలు, పంటలు తగలబెట్టి కరువుతో చంపారు. మాజి మాజిలో చనిపోయినవాళ్ల అంచనాలు 75,000 నుంచి 3,00,000 దాకా ఉన్నాయి. ఎక్కువమందిది ఆకలిచావు. అదే కాలంలో నైరుతి ఆఫ్రికాలో, ఇప్పటి నమీబియాలో, జనరల్ ట్రోథా 1904 అక్టోబరు 2న హెరెరో జాతిని మొత్తంగా నిర్మూలించే ఉత్తర్వు జారీచేశాడు. ఛోటానాగ్‌పూర్ ఆ స్థాయి చావు చూడలేదు. కానీ బీర్సాను 1900 ఫిబ్రవరిలో అడవిలో నిద్రపోతుండగా పట్టుకున్నారు. జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు. కలరా అన్నారు. ముండాల్లో ఆ మాట నమ్మినవాళ్లు అరుదు. వయసు పాతికైనా నిండలేదు. అతని అనుచరుల్లో ముగ్గురిని ఉరితీశారు, 44 మందికి యావజ్జీవ ప్రవాసం విధించారు.

డోంబారి నుంచి సర్వదా దూరం కాదు. అక్కడి కాథలిక్ మిషన్‌లో యోహాన్ హోఫ్‌మన్ అనే జర్మన్ జెస్యూట్ ఉండేవాడు. 1899 క్రిస్మస్ దాడిలో ఆ మిషన్ మీదా బాణాలు పడ్డాయి, ఆయన బతికాడు. తర్వాత ఆయన చేసిన పని చూస్తే ఆ బాణాలు వృథా కాలేదనిపిస్తుంది. ముండాల భూమి పద్ధతులను ఊరూరా తిరిగి నమోదు చేశాడు. 1908 ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం తయారీలో ఆయన చెయ్యి ఉంది. ఖుంట్‌కట్టీ హక్కుకు ఆ చట్టంలో గుర్తింపు దొరికింది. ఆదివాసీ భూమి బయటివాళ్లకు పోకుండా 46వ సెక్షన్ అడ్డునిలిచింది. ఈ ఘనతను ఒక దయగల ఫాదరీకి రాసిపెట్టేవాళ్లున్నారు. సైల్ రకబ్ మీద పడిన శవాలు లేకపోతే ఆ ఫాదరీ కాగితాలను ఏ కమిషనరూ చదివేవాడు కాదు. తూర్పు ఆఫ్రికాలోనూ అదే జరిగింది. మాజి మాజి తర్వాతే బెర్లిన్ తన పద్ధతి మార్చుకుంది, బలవంతపు పత్తి ఆగింది.

1914లో యుద్ధం రాగానే హోఫ్‌మన్, గోస్నర్ మిషన్ వాళ్లు, జంషెడ్‌పూర్ కొలుముల దగ్గర పనిచేసే జర్మన్ నిపుణులు అందరూ ఒక్కసారిగా శత్రువులయ్యారు. 1915లో హోఫ్‌మన్‌ను దేశం నుంచి పంపేశారు. జర్మనీలో కూర్చుని ముండారీ విజ్ఞానసర్వస్వం రాస్తూ 1928లో కన్నుమూశాడు. ఆదివాసీ క్రైస్తవులు మాత్రం ఎవరికోసమూ ఎదురుచూడలేదు. 1919 జులై 10న గోస్నర్ చర్చిని తమ చేతుల్లోకి తీసుకుని స్వతంత్రంగా ప్రకటించుకున్నారు. దొరల టోపీ గురించి బీర్సా అన్న మాటకు చర్చి లోపల దొరికిన జవాబు అదే.

ఖుంటీ నుంచి రాంచీ ముప్పై అయిదు కిలోమీటర్లు. బీర్సా చనిపోయిన పాత జైలు 2021 నుంచి మ్యూజియం. అదే ఏడాది నుంచి నవంబరు 15ను జనజాతీయ గౌరవ దివస్‌గా జరుపుతున్నారు. జార్ఖండ్ రాష్ట్రం 2000లో ఏర్పడింది కూడా ఆ తేదీనే. 2023 నవంబరు 1న జర్మన్ అధ్యక్షుడు స్టైన్‌మయర్ టాంజానియాలోని సోంగేయా పట్టణానికి వెళ్లి మాజి మాజి చావులకు క్షమాపణ కోరాడు. 1906లో ఉరితీసిన న్గోనీ నాయకుడు సోంగేయా ఎంబానో పుర్రె కోసం ఆయన వారసులు ఇంకా అడుగుతున్నారు.

రాంచీలో మాత్రం 1908 నాటి చట్టం గురించిన తగువు ఇవాళ్టిది. 2016లో జార్ఖండ్ శాసనసభ దానికి సవరణలు చేసింది. సాగుభూమిని ఇతర పనులకు వాడే వీలు కల్పించే ఆ సవరణల మీద ఖుంటీ నుంచి చైబాసా దాకా ఊళ్లు వీధికెక్కాయి. 2017లో గవర్నరు సంతకం పెట్టకుండా బిల్లును వెనక్కి పంపారు. ఆ గవర్నరు ద్రౌపది ముర్ము, మయూర్‌భంజ్‌లోని రాయ్‌రంగ్‌పూర్ ప్రాంతపు సంతాల్ మహిళ. జంషెడ్‌పూర్ కొలిమికి మొదటి ఇనుపరాయి ఇచ్చిన గోరుమహిసాని కొండ ఆ ప్రాంతంలోనే ఉంది. రాష్ట్రపతి అయ్యాక 2022 నవంబరు 15న ఆమె బీర్సా పుట్టిన ఉలిహాతుకు వెళ్లారు.